ఇంజన్ మారిన బండి

"మీరు అసలు ఎవరు?" అన్న ప్రశ్న మాకు కొత్త కాదు. బయటివాళ్లు ఒక రకంగా అడుగుతారు: "మీ ముత్తాతలు మావాళ్లే గదా, మధ్యలో మారారు, అంతేగా?" మాలోనివాళ్లు ఇంకో రకంగా అడుగుతారు: "ఉర్దూ నోరు తిరగదు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మీరేం ముసల్మానులు?" ఈ రెండు ప్రశ్నలూ ఎదురెదురు దిక్కుల నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి గాని, రెండింటి అడుగున ఉన్న నమ్మకం ఒకటే. వెనక ఎక్కడో ఒక 'అసల్' ఉందనీ, ఇప్పుడున్నదంతా దానికి 'నకల్' అనీ, ఆ అసల్ ఎవరి గుప్పిట్లో ఉంటే తీర్పు చెప్పే హక్కు వాళ్లదేననీ.

ఆ 'అసల్' అనే మాటను కాస్త విప్పి చూడాలని ఉంది. మతగ్రంథాలతో మొదలుపెడితే మొదటి పేజీలోనే కొట్లాట వస్తుంది. చరిత్రతో మొదలుపెడితే ఎవరి చరిత్ర వాళ్లు వెంట తెచ్చుకుంటారు. అందుకని ఒక పాత ట్రాక్టర్‌తో మొదలుపెడతాను. ఇనుముకు మతం లేదు. దాని గురించి ఎంత వాదించుకున్నా ఎవరి ఇల్లూ తగలబడదు.

అమెరికాలో గార్డెన్ ట్రాక్టర్ అంటే మన పొలాలు దున్నే ట్రాక్టర్ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి ఊళ్ల చివర్లలో ఎకరం, అరెకరం జాగాలో ఇళ్లు కట్టుకున్నవాళ్ల కోసం తయారైన చిన్న బండి. గడ్డి కోస్తుంది, పెరట్లో చిన్న నాగలి లాగుతుంది, చలికాలంలో వాకిట్లోని మంచు తోస్తుంది. షికాగో కేంద్రంగా ఉన్న ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో 'కబ్ క్యాడెట్' పేరుతో ఇలాంటి బండిని మార్కెట్లోకి తెచ్చింది. పసుపు, తెలుపు రంగులు. ఆ కాలపు బండ్లంటే అక్కడ కొందరికి ప్రాణం. మన దగ్గర కొందరు పాత రాజ్‌దూత్‌నో, బుల్లెట్‌నో ఎలా తుడిచి తుడిచి చూసుకుంటారో అలా చూసుకుంటారు.

షికాగో చుట్టుపక్కల మన హైదరాబాదీలు బాగానే స్థిరపడ్డారు. మా ఖాలా కొడుకు ఒకాయన, నాకంటే పదేళ్లు పెద్ద, నేను భాయిజాన్ అంటాను, ఆ వైపే ఒక ఊరి చివర ఇల్లు కొన్నాడు. ఇంటితోపాటు షెడ్డులో పడి ఉన్న ఒక కబ్ క్యాడెట్ 122 కూడా వచ్చింది. 1960ల నడుమ తయారైన మోడలు అది. దాని ఇంజన్ కోహ్లర్ కంపెనీది, కె301 అంటారు. ఒకే సిలిండరు, పోత ఇనుము బ్లాకు, 12 హార్స్‌పవరు. చిన్నప్పుడు మా బస్తీలోని మెకానిక్ షెడ్డుల ముందు గంటలు గంటలు నిలబడిన మనిషి గదా, దాన్ని బాగుచేసుకుని ఏళ్ల తరబడి నడిపాడు. ప్రతి వసంతంలో దాంతో పెరడు దున్ని అంబాడా, మేథీ, కొత్మీర్ వేస్తాడు. అంబాడా అంటే మన గోంగూరే. వాళ్లమ్మ ముసల్మాన్ ఇళ్లలో అంబాడా అనేది, పక్కింటి రెడ్డిగారి భార్యతో గోంగూర అనేది. ఆకు మారలేదు.

ఆ ఇంజన్‌లో ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున ఒక చిన్న తెడ్డు లాంటిది ఉంటుంది. అది తిరిగినప్పుడల్లా కిందనున్న నూనెను పైకి చిలకరిస్తుంది. నూనె మట్టం తగ్గితే తెడ్డుకు అందదు. ఒక ఏడు అదే జరిగి, రాడ్ విరిగి, బ్లాకును పగలగొట్టుకుని బయటికి వచ్చింది. బోరు అరిగితే పది థౌ, ఇరవై థౌ, ముప్పై థౌ పెద్ద పిస్టన్ వేసి మళ్లీ నడిపించుకోవచ్చు. బ్లాకుకే చిల్లు పడ్డాక చేసేదేం లేదు. అలాంటి పాత ఇంజనే ఇంకొకటి వెతికి కొనాలంటే చేతికి వచ్చేది కూడా ముసలిదే. భాయిజాన్ ఆ దారి పట్టలేదు. హోండా నమూనాను అనుసరించి చైనాలో తయారైన 420 సీసీ కొత్త ఇంజన్ కొన్నాడు.

కొనడం తేలికే, కూర్చోబెట్టడమే కష్టం. పాత ఇంజన్‌కు రెండు వైపులా పని ఉండేది. ముందువైపు షాఫ్టు గడ్డికోత బెల్టును తిప్పేది, వెనకవైపు ఫ్లైవీల్ నుంచి గేర్‌బాక్సుకు చలనం పోయేది. కొత్త ఇంజన్‌కు పనికొచ్చే షాఫ్టు ఒకే వైపు ఉంది. దాన్ని వెనక్కి తిప్పి బిగిస్తే గేర్‌బాక్సుకు అందుతుంది, కాని తిరిగే దిక్కు తారుమారవుతుంది. అప్పుడు ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి ఉన్న బండి కాస్తా ముందుకు ఒకటి, వెనక్కి మూడు ఉన్న బండి అవుతుంది. ఇది విన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. మా సమాజంలో ఇలాంటి గేర్‌బాక్సు ఉన్న పెద్దమనుషులు నాకు బాగా తెలుసు. ఇంజన్ కొత్తదే, ఆఫీసులో కంప్యూటర్, జేబులో ఖరీదైన ఫోను. గేరు వేస్తే మాత్రం వెనక్కే. అటువైపు మతపెద్దల్లో కూడా ఈ మోడలుకు కొదవ లేదు.

భాయిజాన్ ఓపిక గల మనిషి. వెనక హౌసింగ్ విప్పి, క్రౌన్ వీల్‌ను పినియన్‌కు అవతలి పక్కకు మార్చి బిగించాడు. దిక్కు సరైంది. ఇంజన్ కోసం ఛాసిస్‌ను ఎక్కడా కోయలేదు. పాత బోల్టులున్న రంధ్రాల్లోనే ఒక మందపాటి ఇనుప పలక బిగించి, దానిమీద కొత్త ఇంజన్ కూర్చోబెట్టాడు. ఇంత చేసినా ముందువైపు షాఫ్టు పోయింది. అంటే ఆ బండి దున్నుతుంది, మంచు తోస్తుంది, గడ్డి మాత్రం ఇక కోయదు. ఆ పనికి వేరే మిషను కొనుక్కోవాల్సి వచ్చింది.

పక్క వీధిలో పాత బండ్లు సేకరించే ఒక తెల్లాయన ఉన్నాడట. వచ్చి చుట్టూ తిరిగి చూసి, పనితనం మెచ్చుకుని, చివర్న ఒక మాట అన్నాడట: "బాగానే చేశావు, కాని ఇది ఇంక కబ్ క్యాడెట్ కాదు." ఆ రాత్రి భాయిజాన్ నాకు ఫోన్ చేశాడు. "మేరీ గాడీ కో కాఫిర్ కర్‌దియా ఉనే" అన్నాడు. నా బండిని కాఫిర్‌ను చేసి పోయాడు అని.

నవ్వుకున్నాం గాని, ఆ ప్రశ్న చిన్నది కాదు. చాలా పాతది. ఏథెన్స్ వాళ్లు థీసియస్ ఓడను భద్రపరుస్తూ, పుచ్చిన పలక తీసి కొత్త పలక వేస్తూ పోయారనీ, అది అదే ఓడా కాదా అని తాత్త్వికులు తగువులాడుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. పదిహేడో శతాబ్దంలో హాబ్స్ దీనికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవడో దాచిపెట్టి వాటితో ఇంకో ఓడ కడితే ఏది అసలు ఓడ అన్నాడు. మన దేశంలో భిక్షువు నాగసేనుడు మిళిందుడనే గ్రీకు రాజుతో రథం గురించి ఇదే వాదం చేశాడు. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగలు రథమా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదనిపించి, అన్నీ ఒకచోట కూడితే మనం పెట్టుకునే పేరే రథమన్నాడు. అందరూ విడిభాగాల దగ్గరే మొదలుపెట్టారు. నాకు మాత్రం భాగాలకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉందనిపిస్తుంది: 'ఇది అదేనా' అని అడుగుతున్నది ఎవరు, ఎందుకు అడుగుతున్నారు?

తెల్లాయన చెప్పిన అసలు కబ్ క్యాడెట్‌నే తీసుకుందాం. దాని మూడు గేర్ల గేర్‌బాక్సు, వెనక పళ్లచక్రాలు అదే కంపెనీ వారి ఫార్మాల్ కబ్ అనే పొలం ట్రాక్టర్ నుంచి వచ్చాయి. ఇంజన్ ఆ కంపెనీదే కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని కోహ్లర్ వాళ్లది. స్నానాల తొట్లు, వాష్‌బేసిన్లు చేసే కోహ్లరే. బండిని కూర్చింది కెంటకీ రాష్ట్రం లూయీవిల్ ఫ్యాక్టరీలో. అంటే పుట్టిన రోజునే అది అతుకుల బండి. తర్వాత 1981లో కబ్ క్యాడెట్ పేరును ఎంటీడీ అనే కంపెనీ కొనుక్కుంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వ్యవసాయ యంత్రాల వ్యాపారం కొన్నేళ్లకే చేతులు మారి కేస్ కంపెనీలో కలిసిపోయింది. 2021లో ఎంటీడీ కూడా స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ వాళ్ల సొంతమైంది. ఇది అసలు కబ్ క్యాడెట్టే అని సర్టిఫికెట్ ఇవ్వాల్సిన ఇంట్లోనే మూడుసార్లు యజమానులు మారారు. పేరు మాత్రం బానెట్ మీద అలాగే ఉంది. కంపెనీ ఎన్ని చేతులు మారినా అసలే, భాయిజాన్ ఒక ఇంజన్ మారిస్తే నకిలీ!

మా సంగతి దీనికి భిన్నమేం కాదు. మా దక్కనీ భాష ఢిల్లీ నుంచి మూట గట్టుకొచ్చిన ఉర్దూ కాదు. 'నక్కో' అనే మాట మరాఠీ నేల ఇచ్చింది. మా ఖట్టీ దాల్‌లోని చింతపండు, సాలన్‌లోని నువ్వులు, వేరుశనగలు ఈ మట్టివే. పిఠాపురంలో సూఫీ పీఠం మీద కూర్చున్న ఉమర్ ఆలీషా తెలుగులో పద్యాలు, నాటకాలు రాశాడు. ఖురాన్‌ను తెలుగులోకి మొదట తెచ్చినవాడు చిలుకూరి నారాయణరావు. ఇందులో ఏ ముక్క ఎవరి ఫ్యాక్టరీది? దూదేకులవాళ్లనే చూడండి. పేరు ముసల్మానుది, మాట తెలుగు. పెళ్లిలో నిఖా ఉంటుంది, కొన్ని ఇళ్లలో తాళిబొట్టు కూడా ఉంటుంది. ఉర్దూ మాట్లాడే షరీఫులు వాళ్లను సగం ముసల్మానులంటారు, ఊళ్లో మిగతావాళ్లు సాయిబులంటారు. సర్కారు వాళ్లను బీసీ-బిలో పెట్టింది. మెహతర్లను బీసీ-ఏలో పెట్టింది. 2007లో వచ్చిన బీసీ-ఈలో అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, షేక్‌లు ఇంకెందరో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ లాంటివాళ్లు అందులో లేరు. ముసల్మాన్ అనే ఒక్క బానెట్ కింద ఎన్ని రకాల ఇంజన్లున్నాయో ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది.

అయినా ఇద్దరు వచ్చి హక్కు అడుగుతారు. ఒకరు ఛాసిస్ మాది అంటారు. 2014 చివర్లో ఆగ్రాలో 'ఘర్ వాపసీ' పేరుతో బస్తీలోని పేద ముసల్మానులను కూర్చోబెట్టి హోమం చేయించిన రోజుల్లో ఈ వాదం దేశమంతా వినిపించింది. మీ ఛాసిస్ ఇక్కడిదే, ఇంజన్ పరాయిది, విప్పేసి పాతది బిగించుకుంటే సరి అని. ఇంకొకరు ఇంజన్ మాది అంటారు. అరబ్బు దేశం నుంచి వచ్చిన ఇంజన్‌ను మీ తెలుగు డొక్కులో పెట్టుకుని పాడు చేస్తున్నారు, పాటలు మానండి, దర్గాలు మానండి, పీర్ల పండుగ మానండి అని. మొదటివాడికి కూలికి పోయే సాయిబు ఏం తింటున్నాడో పట్టదు. రెండోవాడికీ పట్టదు. బండి రోజూ ఎవరి పెరడు దున్నుతోందన్నది ఇద్దరికీ అక్కర్లేదు. ఇద్దరూ నెంబర్లు తడుముతున్నారు.

నెంబర్లంటే గుర్తొచ్చింది. అమెరికాలో పెరటి ట్రాక్టర్‌కు ఆర్సీ బుక్కు ఉండదు. కాబట్టి భాయిజాన్‌ను నిలదీసినవాడు ఒక సేకరణదారే. మన దేశంలో రోడ్డెక్కే ఏ బండికైనా ఆర్సీలో ఛాసిస్ నెంబరు, ఇంజన్ నెంబరు రెండూ ఉంటాయి. ఇంజన్ మారిస్తే ఏమవుతుంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడండి. ముందుగా అనుమతి లేకుండా ఇంజన్ మార్చినా 14 రోజుల్లోగా ఆర్టీవోకు తెలియజేసి, ఆర్సీ ఇచ్చి, మార్పు నమోదు చేయించుకోవాలంటుంది. బండి అదే బండి. నెంబరు ప్లేటు అదే. యజమానీ అతనే. ఇంజన్ మార్చుకున్నావు కాబట్టి ఇన్నాళ్లూ నీకున్న రిజిస్ట్రేషన్ చెల్లదని చట్టం అనదు.

ఇనుముకు ఇచ్చిన ఈ మర్యాద మనిషికి లేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముసల్మానులు, క్రైస్తవులు బయటే ఉన్నారు. దళితుడు కలిమా చదివితే ఆ రోజే అతని ప్లేటు ఊడిపోతుంది. వాడలో ఇల్లు మారదు, చేసే పని మారదు, చాయ్ గ్లాసు విడిగా పెట్టే హోటలువాడి చూపు మారదు. కాగితం ఒక్కటే మారుతుంది. తిరిగి హిందువైతే మళ్లీ దొరుకుతుంది. అలా తిరిగొచ్చినవాడు ఏమేం రుజువు చేయాలో 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ముందు తాను ఆ కులంవాడేనని, తర్వాత తిరిగి మారానని, ఆ కులం తనను మళ్లీ ఒప్పుకుందని. అంటే కులం ఛాసిస్ లాంటిదని ఒప్పుకున్నట్టే గదా. ఛాసిస్ మారకపోతే ఇంజన్ మార్చినందుకు ప్లేటు ఎందుకు పీకుతున్నారు? 2022 అక్టోబరులో ఈ సంగతి చూడడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిషన్ వేసింది. ఆ ఉత్తర్వు వచ్చి అప్పటికి 72 ఏళ్లు.

ఇక్కడ మా లౌకిక మిత్రులతో కూడా ఒక మాట చెప్పుకోవాలి. వాళ్లు మంచివాళ్లు. 1992 డిసెంబరు 6 తర్వాత మాతో కలిసి ఊరేగింపుల్లో నడిచినవాళ్లు. వాళ్ల సలహా ఏమిటంటే, ఈ ఇంజన్ ఆ ఇంజన్ ఎందుకు, మతాన్నే తీసి పక్కన పెట్టండి, ఉత్త మనుషులుగా ఉందాం అని. వినడానికి చల్లగా ఉంటుంది. కాని ఇంజన్ లేని ట్రాక్టర్‌ను నేను చూశాను. రంగు వేసి హోటళ్ల ముందు అలంకారానికి పెడతారు. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు. దున్నదు. మనిషిని పొద్దున లేపి పనికి నడిపించేది, చావింటికి నడిపించేది, ఆకలేసినవాడికి పళ్లెం జరిపించేది ఏదో ఒకటి లోపల ఉండాలి. అది వాళ్లకు మార్క్స్ కావచ్చు, మాకు నమాజు కావచ్చు, మా వీధిలో చాలామందికి రెండూ కావచ్చు. ఉత్త మనిషి అని వాళ్లు అంటున్న మనిషి కూడా, బాగా చూస్తే, వాళ్లింటి మనిషిలాగే ఉంటాడు. పండుగ సెలవులు, పెళ్లి భోజనాలు, పిల్లల పేర్లు అన్నీ వాళ్ల ఇంటివే. అవి వాళ్లకు మతంలా కనిపించవు, అంతే.

మరి 'అదే బండి' అని ఎప్పుడనాలి? దీనికి నాకు అందిన జవాబుల్లో మేలైనది ఇమామ్ గజాలీది. పదకొండో శతాబ్దం చివర్న, తాత్త్వికులతో తగువు పెట్టుకుని 'తహాఫుత్' రాశాడాయన. పునరుత్థాన దినాన మనిషి ఏ దేహంతో లేస్తాడు, మట్టిలో కలిసిపోయిన పాత దేహం ఎలా తిరిగొస్తుంది అని వాళ్లు అడిగారు. ఆయన చెప్పిన దాని సారం ఇది: ఏ దేహమైతేనేం? పసితనం నుంచి ముసలితనం దాకా తిండి వల్ల, చిక్కడం వల్ల, లావెక్కడం వల్ల ఈ దేహం ఎన్నిసార్లు మారలేదు? మనిషి అదే మనిషి. దేహం పనిముట్టు. ఇరాన్‌కు చెందిన ముల్లా సద్రా ఇంకా ముందుకు పోయి, వస్తువు లోపలి సారమే నిరంతరం కదులుతూ ఉంటుందన్నాడు. ఆయన గ్రంథంలో ఒక భాగాన్ని మనాజిర్ అహ్సన్ గిలానీ ఉర్దూలోకి తెస్తే మన ఉస్మానియా యూనివర్సిటీయే అచ్చు వేసింది.

గజాలీ మాటను మన బజారు లెక్కలోకి తెచ్చి చూద్దాం. ఇరవై ఏళ్ల వయసులో అప్పు తీసుకున్నవాడు యాభై ఏళ్లకు వచ్చి, అప్పుడున్న నెత్తురు, మాంసం ఇప్పుడు లేవు, అప్పు ఆ మనిషిది అంటే ఏ సేటూ ఒప్పుకోడు. ఎందుకు ఒప్పుకోడు? జవాబు చెప్పాల్సినవాడు వీడే కాబట్టి. హిసాబ్ ఎవరిదో మనిషి వాడే. నేను ఎవరినన్న ప్రశ్నకు మా తాత ఎక్కడినుంచి వచ్చాడన్నది జవాబు కాదు. ఎవరికి బాకీ ఉన్నాను, ఎవరి ముందు లెక్క చెప్పాలి అన్నదే జవాబు. ఊళ్లో నా ఇంటిచుట్టూ ఉన్నవాళ్లకు బాకీ ఉన్నాను, కాబట్టి ఈ ఊరివాణ్ని. అల్లా ముందు లెక్క చెప్పాల్సి ఉందని నమ్ముతాను, కాబట్టి ముసల్మానును. ఈ రెండింటికీ పేచీ ఎక్కడుందో నాకు తెలియడం లేదు.

ఇలా చూస్తే తప్పు ఇంజన్ మార్చడంలో లేదు, మార్చింది దాచడంలో ఉంది. మా ఫిఖాలో ఖియార్-ఎ-ఐబ్ అని ఒక హక్కు ఉంది. అమ్మేవాడు లోపం దాచి అమ్మితే కొన్నవాడు సరుకు తిరిగి ఇచ్చేయొచ్చు. పాత బండ్ల బజారులో ఒక మోసం ఉంటుంది. పాత ఇంజన్ మీది నెంబరు ప్లేటు ఊడదీసి ఇంకో ఇంజన్‌కు తగిలించి అసలు సరుకు అని ఎక్కువ ధరకు అమ్మడం. మాలోనూ ఈ పని చేసినవాళ్లు తక్కువేం కాదు. నిరుడు జులాహాను, ఈ ఏడు షేక్‌ను, పంట ధర పలికితే వచ్చే ఏడు సయ్యద్‌ను అని ఉత్తరాదిలో ఒక పాత ఎకసెక్కెం ఉంది. నేతగాడు షజ్రా రాయించుకుని సయ్యదయ్యాడని నవ్వుతారు. నేను నవ్వలేను. ప్లేటు చూసి తప్ప పిల్లనివ్వని, ప్లేటు చూసి తప్ప పక్కన కూర్చోబెట్టని సమాజం ముందు కూర్చుని ఉంది. వాడు అబద్ధమాడాడు, నిజమే. ఆ అబద్ధానికి ధర కట్టి కొనుక్కున్నవాళ్లను కూడా చూడాలి గదా.

ఈ ఉపమానాన్ని ఇంతకంటే లాగితే తెగుతుంది. ట్రాక్టర్‌కు యజమాని ఉంటాడు, మాకు లేడు. మా పూర్వీకుల్లో ఇంజన్ మార్చుకున్నవాళ్లు ఎవరో బిగిస్తే బిగించుకున్నవాళ్లు కారు. చాలామంది కులం బరువు దించుకోవడానికి, కొందరు సూఫీల మీద ప్రేమతో, కొందరు రాజుల కొలువు కోసం, బండీ తామే, మిస్త్రీ తామే అయి మార్చుకున్నారు. వాళ్లను ఇప్పుడు విప్పి మళ్లీ బిగిస్తామనడం వాళ్ల తెలివిని అవమానించడం.

ఇంకొకటి కూడా దాచకూడదు. మార్పులో ఏదో ఒకటి పోతుంది. భాయిజాన్ బండి గడ్డి కోయడం మానేసింది. ఉస్మానియా 1918లో ఉర్దూ మీడియంలో మొదలైంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత కొద్దికాలానికే ఇంగ్లీషులోకి మారింది. ఆ ఇంజన్ మార్పు మేం కోరుకున్నది కాదు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. బండి ఆగలేదు. పిల్లలు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. కాని అదే ఉస్మానియా అచ్చు వేసిన సద్రా ఉర్దూ పుస్తకాన్ని పట్టుకుని చదవగలిగినవాళ్లు నా తరంలోనే వేళ్ల మీద లెక్క. మా పిల్లలకు మాట ఉంది, లిపి లేదు. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేసింది, ఆంధ్రప్రదేశ్ 2022లో చేసింది. మంచిదే. ఆఫీసు బోర్డు మీద మూడో వరుసలో ఉర్దూ కనిపిస్తే మా ముసలివాళ్లు ఆగి చదువుకుంటారు. పోయిన షాఫ్టు మాత్రం బోర్డుతో తిరిగి రాదు. పోయినదాన్ని పోయిందనే చెప్పుకోవాలి. దాని పేరుతో ఇప్పుడున్నదాన్ని నకిలీ అనక్కర్లేదు, ఇప్పుడున్నది నడుస్తోంది గదా అని పోయినదాన్ని మరచిపోనక్కర్లేదు.

ఈ మధ్య ఒకాయన భాయిజాన్‌ను పగిలిన పాత ఇంజన్ అడిగాడట. ఇంజన్ కోసం కాదు, దాని రేకు మీదున్న నెంబరు ప్లేటు కోసం. మంచి ధరే చెప్పాడట. కార్బురేటర్, హెడ్, స్టార్టర్ ఇచ్చాడు గాని ప్లేటు ఇవ్వలేదు. తన బండిలో ఏ రోజు ఏది విప్పాడో, ఏది మార్చాడో, క్రౌన్ వీల్ ఎందుకు అవతలికి తిప్పాడో అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. రేపు కొడుకు నడిపినా, ఇంకెవరికైనా అమ్మినా తెలియాలి గదా అని. రాసింది ఉర్దూలో. కొడుకుకు అది చదవడం రాదు. అందుకని పేజీలన్నీ ఫోటోలు తీసి నాకు పంపి, ఇంగ్లీషులో రాసిపెట్టమన్నాడు. మొత్తం ముప్పై నాలుగు పేజీలు, పెన్సిలు రాత, మధ్యమధ్య నూనె మరకలు. ఇరవై పూర్తి చేశాను.